నాకు కండ తగ్గిందంట, మా నాయనకు బాగుందంట. ఒకే మిషన్, ఏది నమ్మాల?

అనంత_400మీటర్లు:

అందరికీ నమస్తే. మాది అనంతపురం టౌన్ నుంచి 20 కిలోమీటర్లు లోపలికి, పల్లె. డిగ్రీ ఫైనల్ ఇయర్, 400 మీటర్లు పరుగెత్తుతా, ఈసారి యూనివర్సిటీ మీట్‌లో ఎట్లయినా ఫైనల్‌కు పోవాలని పొద్దున 5కల్లా గ్రౌండ్‌లో ఉంటాన్నా. మా నాయనకు 58 ఏండ్లు, రెండేండ్లుగా డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు టౌన్‌కు తీసుకొస్తా.

నేను పోయే జిమ్‌లో కొత్తగా ఒక మిషన్ పెట్టినారు. ఒట్టి కాళ్లతో ఎక్కి రెండు చేతులతో పిడులు పట్టుకుంటే అర నిమిషంలో చీటీ వస్తాది, ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత అని. పోయిన వారం ఆదివారం తెల్లార్తో పోయి ఎక్కితే 68 కేజీలు, కొవ్వు 12.8 శాతం, కండ 33.4 కేజీలు వచ్చినాది, భలే సంతోషపడినా. మొన్న సోమవారం పొద్దున గ్రౌండ్‌లో 300 మీటర్లవి ఆరు కొట్టి, ఇంటికి పోయి నాయన్ని తోలుకొని ఎండలో బస్సెక్కి, 2 గంటల షిఫ్ట్‌కు ఇంకా టైముందని జిమ్ కాడ దిగి మళ్లా ఎక్కినా. 66.6 కేజీలు, కొవ్వు 16.1, కండ 31.4. ఎనిమిది రోజుల్లో రెండు కేజీల కండ యాడికి పోయింది సామీ? నేను ఒక్క రోజు కూడా ప్రాక్టీస్ ఎగ్గొట్టలా.

ఇంకో వింత ఏందంటే, జిమ్ అన్న సరదాగా నాయన్ని కూడా ఎక్కమన్నాడు. ఆయనకు కండ నార్మల్ కంటే పైన అని వచ్చినాది! ఒకప్పుడు బుడ్డల మూట భుజానికి ఎత్తుకొని మిద్దె ఎక్కినోడు ఇప్పుడు నీళ్ల బిందె ఎత్తలేకపోతాన్నాడు, మంచం మీంచి లేయాలంటే చేత్తో ఊతం పెట్టుకోవాల, తొడలు చూస్తే నాకే భయమైతాది. బరువు మాత్రం డయాలసిస్ అయినాక ఏడాదిగా అదే 61.

జిమ్ అన్న ఇద్దరికీ ప్రోటీన్ పౌడర్ డబ్బా తీసుకో అంటాడు. మా మామ బెంగళూరు పోయి డెక్సా స్కాన్ తీయించుకోండి, అదైతే కరెక్ట్ అంటాడు. నాకు అసలు దేన్ని నమ్మాలో అర్థం కాలే. తెలిసినోళ్లు చెప్పండి, కొంచెం వివరంగానే చెప్పండి.


కర్నూలు_ఫిజియో:

తమ్ముడూ, నేను కర్నూలులో ఫిజియోథెరపిస్ట్‌ని, డయాలసిస్ వాళ్లను రోజూ చూస్తా. నీ పోస్ట్ చదువుతూ సోమవారం, 2 గంటల షిఫ్ట్ అన్న కాడ ఆగిపోయినా. మీ నాయనకు శుక్రవారం డయాలసిస్ అయినాక మళ్లీ సోమవారమే. అంటే వారంలో అన్నిటికన్నా ఎక్కువ నీరు ఒంట్లో పేరుకుని ఉండే టైము అది. ఆ టైములో మిషన్ ఎక్కించినావు. నువ్వేమో పొద్దున్నుంచి చెమట కార్చి, బస్సులో ఎండిపోయి ఎక్కినావు. ఒకరు నిండు చెరువు, ఒకరు ఎండిన కుంట.

ఆ మిషన్‌కు కండా కనపడదు, కొవ్వూ కనపడదు. మనకు తెలీనంత సన్న కరెంటు ఒంట్లోకి పంపి, ఎంత అడ్డు తగిలిందో కొలుస్తాది, అంతే. మీ చేను కాడ బోరు మోటరుకు ఎర్తింగ్ గుంత ఉంటాది గదా, ఎండాకాలం అందులో నీళ్లు, ఉప్పు ఏంటికి పోస్తారు? తడి ఉంటే కరెంటు సులువుగా పోతాది, ఎండితే పోదు. ఒళ్లు కూడా అంతే. కండలో నీళ్లు ఎక్కువ, కొవ్వులో శానా తక్కువ. అడ్డు తక్కువ తగిలితే నీళ్లు ఎక్కువున్నాయని లెక్క, కొవ్వు కాని ఒంట్లో నూటికి 73 పాళ్లు నీళ్లే అని ముందే అనుకున్న ఒక అంకె పెట్టుకొని ఆ నీళ్ల నుంచి కండ ఎంతో, మిగిలిన కొవ్వు ఎంతో తేలుస్తాది. ఆరోగ్యంగా ఉండి, తాగాల్సినంత నీళ్లు తాగినోడికి ఆ 73 దగ్గర దగ్గర సరిపోతాది. మీ నాయన కాళ్లల్లో, పొట్టలో చేరిన నీళ్లను కూడా అది కండ కిందే రాసేసింది. నువ్వు చెమటలో పోగొట్టుకున్న నీళ్లను కండ పోయినట్టు రాసింది.

నువ్వే ఒకసారి లెక్క వేసుకో. చీటీ ప్రకారం నీ కొవ్వు 8.7 కేజీల నుంచి 10.7కు పోయింది. కేజీ కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. ఎనిమిది రోజుల్లో రెండు కేజీలు పెరగాలంటే 15 వేలు దాటి అదనంగా తినుండాల, అదీ రోజూ పరుగెత్తుకుంటూ. తిన్నావా? లేదు గదా. వదిలేయ్.

నాయన సంగతి మాత్రం వదలద్దు, నాకు అసలు భయం ఆయన గురించే. బరువు 61 దగ్గరే నిలబడిందంటున్నావు, తొడలు సన్నబడినాయంటున్నావు. ఈ రెండూ ఒకేసారి ఎట్ల నిజమైతాయో తెలుసునా? కండ పోయిన చోటును నీళ్లు నింపుతాన్నాయి. డయాలసిస్ యూనిట్‌లో డ్రై వెయిట్ అని ఒకటి పెట్టుకుంటారు, ఎక్స్‌ట్రా నీరంతా తీసేస్తే మిగలాల్సిన బరువు. మనిషి చిక్కిపోయినా ఆ అంకె మార్చకుండా అదే 61 దాకానే తీస్తాంటే, చిక్కిన మేరకు నీరు లోపలే ఉండిపోతాది. పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, బీపీ దిగకపోవడం ఉన్నాయేమో చూడు, ఉంటే ఈ బుధవారమే డాక్టర్‌తో డ్రై వెయిట్ మళ్లా చూడమని అడుగు. నువ్వు సొంతంగా నీళ్లు తగ్గించడం, మందు మార్చడం లాంటివి చేయద్దు.

ఇంట్లో చేసుకునే పరీక్షలు చెప్తా, పైసా ఖర్చు లేదు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి పెట్టి, ఆయన్ని రెండు చేతులూ ఎదకు అడ్డంగా కట్టుకోమని, ఐదుసార్లు లేచి కూర్చోమను, టైము పట్టు. ఆసియా దేశాల డాక్టర్లు 2019లో పెట్టుకున్న లెక్క ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం తగ్గినట్టు అనుమానించాల. ఇంకోటి, మామూలు నడకలో 6 మీటర్లు నడవడానికి 6 సెకన్లు దాటకూడదు. పిక్క చుట్టుకొలత మగోళ్లకు 34 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 33, అంతకు తగ్గితే అనుమానమే, కాకపోతే వాపున్న కాలును కొలిస్తే అది కూడా మోసం చేస్తాది, డయాలసిస్ అయిన మరుసటి రోజు కొలువు. ఆ మరుసటి రోజే అన్నీ చేయి, డయాలసిస్ అయిన రోజు సాయంత్రమే చేస్తే మనిషి వడలిపోయి ఉంటాడు. పక్కన నువ్వు నిలబడు, కళ్లు తిరిగితే వెంటనే ఆపు. పిడికిలి బలం కొలిచే డైనమోమీటర్ మా దగ్గర ఉంటాది, మగోళ్లకు 28 కేజీల లోపు, ఆడోళ్లకు 18 లోపు వస్తే తక్కువ కింద లెక్క. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం, ఉన్న చేత్తో మాత్రం పిసికించద్దు.

ఇంకొకటి మర్చిపోయినా. చీటీ కింద మూలన ఫేజ్ యాంగిల్ అని ఏమన్నా ఉందా చూసి చెప్పు, ఇద్దరిదీ.


సీమ_సిద్ధప్ప:

ఈ మిషన్లన్నీ దండగ. మా జేజి 80 ఏండ్లకు కూడా కింద కూచోని కొర్రలు దంచి, చెయ్యి ఆనించకుండా లేసేది. ఏ చీటీ చూసుకొని లేసింది?


కర్నూలు_ఫిజియో:

సిద్ధప్పన్నా, నేను చెప్పిన కుర్చీ పరీక్ష మీ జేజి రోజూ పాసైతాన్నట్టే లెక్క. 2010లో, మళ్లీ 2018లో యూరప్ డాక్టర్లు కూచొని ఈ కండ కరిగే జబ్బు, సార్కోపీనియా అంటారు, దానికి రూల్స్ రాసుకున్నారు. రెండోసారి రాసినప్పుడు కండ ఎంతుంది అనే దానికంటే ముందు బలం ఎంతుందో చూడండి అని వరస మార్చినారు. మీ జేజికి ముందే తెలిసినట్టుంది.


కడప_పీఈటీ:

మాది కడప. రిటైరయ్యేదాకా పీఈటీగా చేసి కబడ్డీ టీమ్‌లు చూసినా. నాయన గురించి ఫిజియో మేడమో సారో బాగా చెప్పినారు, నేను నీ సంగతి చెప్తా అబ్బీ.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటా. శానా ఏండ్ల కిందట ఎవరో మిషన్ తెస్తే పిల్లోళ్లందర్నీ వరసబెట్టి ఎక్కించినా. మంచి కార్నర్ డిఫెండర్ ఒకడికి కొవ్వు 22 శాతం వచ్చింది, నేను ఆ అంకె చూసి వాణ్ణి రిజర్వ్‌లో కూచోబెట్టినా, బరువు తగ్గుపో అని అందరి ముందర తిట్టినా కూడా. తర్వాత చర్మం మడత కొలిచే క్యాలిపర్ తెప్పించి కొలిస్తే, వానికంటే సన్నగా కనపడే రైడర్‌కు మడతలు మందంగా ఉండాయి, వీనికి పలచగా. తీరా అడిగితే ఆ రోజు వాడు రెండు రోజుల విరేచనాలతో వచ్చినాడంట, నాకు చెప్పడానికి భయపడినాడు. ఇప్పటికీ ఆ పిల్లోడు కనపడితే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

అప్పట్నుంచి నేను క్యాలిపరే. అందరూ అనుకునేంత సులువు మాత్రం కాదు. ఎప్పుడూ కుడిపక్కే, ఒకే మనిషి కొలవాల. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని, కింద కొవ్వును పట్టి కండ నుంచి విడదీసి, వేళ్లకు ఒక సెంటీమీటరు అవతల క్యాలిపర్ పెట్టి, రెండు సెకన్లు ఆగి అంకె చదవాల. ఎక్కువసేపు పట్టుకుంటే మడత నలిగి అంకె దిగిపోతాది. జబ్బ వెనకవైపు, వీపు మీద రెక్క ఎముక కింద, మోచేతికి పైన ముందువైపు, నడుం పక్క, బొడ్డు పక్కన, తొడ ముందర, పిక్క లోపల. మొత్తం ఏడు చోట్ల. ఒక్కోచోట రెండుసార్లు తీసి, రెండూ కలవకపోతే మూడోది. ఏడూ కూడి మిల్లీమీటర్లలో పుస్తకంలో రాసి పెట్టుకుంటా. శాతం కిందకు మార్చను, ఏంటికంటే ఆ మార్చే సూత్రాలు, 1974ది గానీ 1978ది గానీ, స్కాట్లాండ్‌లో, అమెరికాలో వాళ్ల జనాలను కొలిచి కట్టినవి. మన రాయలసీమ పిల్లోని ఒంటికి అవి ఎంత సరిపోతాయో దేవునికెరుక. నాకు శాతంతో పనేముంది, జూన్‌లో 71 మిల్లీమీటర్లు, ఆగస్టులో 60, బరువు అంతే ఉంది, 30 మీటర్ల టైము తగ్గింది. కొవ్వు తగ్గి కండ పెరిగిందని నాకు అర్థమైపోతాది.

నీళ్ల సంగతి ఆటలోళ్లకు వేరే చెప్పాల్నా. కబడ్డీ సీనియర్ మగోళ్లకు 85 కేజీల లిమిట్, దాని కోసం ముందురోజు రాత్రి స్వెట్టర్ ఏసుకొని పరుగెత్తినోళ్లను, నోట్లో ఎంగిలి కూడా ఊసినోళ్లను నేను చూసినా. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కేజీల ఫైనల్ రోజు పొద్దున వంద గ్రాముల కాడ పోగొట్టుకుంది గదా, రాత్రంతా పాపం ఆ అమ్మాయి దించింది ఏంది, నీళ్లే. కండ రాత్రికి రాత్రి దిగదు, రాత్రికి రాత్రి రాదు కూడా. రాగి సంగటి, అన్నం బాగా తిన్న మరుసటి రోజు కండల్లో గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకునే చక్కెర సరుకు, నిండుతాది, దాని ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లు అంటుకొని ఉంటాయి, ఆ రోజు మిషన్ ఎక్కితే కండ పెరిగినావు అంటాది. క్రియేటిన్ పౌడర్ మొదలుపెట్టినోళ్లకు మొదటి వారంలో కేజీ, కేజీన్నర కండ వచ్చిందని చూపించేది కూడా ముక్కాలు నీళ్లే.

మిషన్ పారేయమని చెప్పట్లా. ఎక్కాలనిపిస్తే పొద్దున్నే, పాయిఖానా పోయొచ్చినాక, ఏమీ తాగకముందు, ముందురోజు గట్టి ప్రాక్టీస్ లేనప్పుడు, అదే మిషన్. నాలుగు వారాలకొకసారి. పరుగెత్తి వేడి మీదున్నప్పుడు అసలెక్కద్దు, ఒళ్లు వేడెక్కి రక్తం చర్మానికి వస్తే లెక్క ఇంకో పక్కకు పోతాది.


స్కాన్_రూమ్:

రేడియాలజీ టెక్నీషియన్‌ని. డెక్సా గురించి ఎవరూ మాట్లాడలేదని రాస్తున్నా.

మీ మామ చెప్పింది సగం నిజం. డెక్సాలో రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపుతారు, ఎముక ఒకలా, కొవ్వు ఒకలా, మిగతా మెత్తని భాగం ఒకలా వాటిని ఆపుతాయి, దాన్ని బట్టి విడదీస్తారు. రేడియేషన్ చెస్ట్ ఎక్స్‌రే కంటే కూడా తక్కువే, దానికి భయపడాల్సింది లేదు. కానీ మూడోది, ఆ మిగతా భాగం ఉంది చూడండి, దాన్ని లీన్ మాస్ అంటారు, అందులో కండతో పాటు లివరు, పేగులు, నీళ్లు అన్నీ ఉంటాయి. మీ నాయనను సోమవారం మధ్యాహ్నం తీసుకుపోతే డెక్సా కూడా మోసపోతాది, జిమ్ మిషన్ అంత కాకపోయినా. తీయించేదుంటే డయాలసిస్ అయినాక తీయించండి. రిపోర్ట్‌లో చూడాల్సింది కాళ్లు, చేతుల లీన్ మాస్ కేజీల్లో కలిపి, మీటర్లలో ఎత్తు స్క్వేర్‌తో భాగించిన అంకె, మగవాళ్లకు 7.0, ఆడవాళ్లకు 5.4 లోపు ఉంటే తక్కువ. పోయే ముందు ఫోన్ చేసి హోల్ బాడీ తీస్తారా అని అడగండి. శానా చోట్ల ఎముకల కోసం నడుము, తుంటి వరకే తీస్తారు, అంతదూరం పోయి అది తీయించుకొని వస్తే బస్ ఛార్జీలు దండగ.

అందరికీ తెలియని సంగతి ఒకటి. నాయనకు ఇదివరకే దేనికైనా కడుపు సీటీ తీసి ఉంటే, ఆ పాత స్కాన్‌లోనే కండ కొలవొచ్చు. నడుము మూడో పూస దగ్గర ఒక్క స్లైస్ తీసుకొని, కండ తెలుపు గ్రే, కొవ్వు నలుపు గ్రే, ఒక్కోదానికి ఒక నంబర్ రేంజ్ ఉంటాది, కండకు మైనస్ 29 నుంచి 150 దాకా, ఆ రేంజ్‌లో ఉన్న చోటంతా సాఫ్ట్‌వేర్‌లో రంగేసి విస్తీర్ణం తీస్తారు. క్యాన్సర్ పేషెంట్లకు ఈ పద్ధతి మీద శానా పరిశోధనలు జరిగినాయి. కండలో కొవ్వు చేరితే ఆ నంబర్ దిగుతాది, అంటే ఎంత ఉందనేదే కాదు ఎట్లుందనేది కూడా కనపడతాది. ఇది లేందే జరగదు అని కాదు, దీని కోసమే కొత్తగా సీటీ తీయించకండి, రేడియేషన్ ఎక్కువ.

బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే అంకె, అది చూసి బాగున్నాం అనుకునేవాళ్లకు ఒక ముక్క. పుణె డాక్టర్ యాజ్నిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, ఇద్దరి బీఎంఐ 22.3. డెక్సాలో తెల్లాయనకు కొవ్వు 9.1 శాతం, మనాయనకు 21.2. సన్నగా ఉన్నామని మనోళ్లు మురిసిపోయేదానికి లేదు.


అనంత_400మీటర్లు:

అందరికీ శానా థ్యాంక్స్. ఇంత రాస్తారనుకోలా.

ఫిజియో గారు అడిగిన ఫేజ్ యాంగిల్ నాది 7.0, నాయనది 4.2 ఉంది. ఎవరూ దాన్ని చూడనే లేదు, జిమ్ అన్నను అడిగితే అదేందో మాకూ తెలీదు అన్నాడు.

మంగళవారం పొద్దున కుర్చీ పరీక్ష పెట్టినా. 17.4 సెకన్లు పట్టింది. నాలుగోసారి లేసేటప్పుడు చేయి తొడ మీద ఆనించబోయినాడు, నేను వద్దంటే నా మొకం చూసి నవ్వి మళ్లా లేసినాడు, ఆ నవ్వు నాకు నచ్చలా. పిక్క 31.5. పాదాల మీద వేలుతో నొక్కితే గుంత పడతాంది, నేను ఇన్నాళ్లూ చెప్పుల గీత అనుకున్నా.

ఒక మంచి సంగతి ఏందంటే క్రియాటినిన్ తగ్గింది, పోయినేడు 11 ఉండేది, ఇప్పుడు 7.6. మా అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కు కూడా తీర్చింది. అంటే కిడ్నీలు రవ్వంత కోలుకుంటాన్నట్టే గదా?


కర్నూలు_ఫిజియో:

తమ్ముడూ, ఇది రాయడానికి నాకు చేయి రావట్లా, కానీ చెప్పకపోతే తప్పు. అమ్మకు నెమ్మదిగా చెప్పు.

క్రియాటినిన్ పుట్టేది కండలో. కండలో ఉండే క్రియేటిన్ రోజూ కొంచెం కొంచెం విరిగి క్రియాటినిన్ అయితాది, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. కిడ్నీలు బాగున్నోళ్లకు అది పెరిగితే చెడ్డ. కానీ ఏండ్ల తరబడి డయాలసిస్ మీదున్న మనిషికి, డయాలసిస్‌లో ఏ మార్పూ లేకుండా, డయాలసిస్‌కు ముందు తీసే రక్తంలో అది ఏడాదిలో ఇట్ల దిగిందంటే, తయారుచేసే కండే తగ్గిందేమో అని మేము కంగారు పడతాం. పొయ్యిలో కట్టెలు తగ్గితే పొగ తగ్గినట్టు. డయాలసిస్ టైము పెంచినారా, ఫిల్టర్ మార్చినారా, మూత్రం ఏమన్నా ఎక్కువ వస్తాందా అనేవి కూడా డాక్టర్ చూడాల, ఇవేవీ లేకపోతే కండే కారణం అనుకోవాల. 17 సెకన్లు, 31.5 పిక్క, 4.2 ఫేజ్ యాంగిల్, ఈ క్రియాటినిన్, అన్నీ ఒకే పక్క చూపిస్తాన్నాయి. ఫేజ్ యాంగిల్ అంటే కణాల గోడలు కరెంటును ఎంతసేపు పట్టుకుంటాయో చెప్పే కోణం, ఆరోగ్యంగా ఉన్న కుర్రోళ్లకు 6, 7 దగ్గర ఉంటాది, జబ్బు చేసినా నీరు పట్టినా పడిపోతాది. మీ నాయన చీటీలో పెద్ద అక్షరాలతో రాసిందంతా తప్పు, మూలన చిన్నగా రాసిందొకటే నిజం.

ఏం తింటాన్నాడు ఆయన?


అనంత_400మీటర్లు:

పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, వంకాయో బీరకాయో, పప్పు వారానికి ఒకసారి. కోడి, గుడ్డు మూడేండ్లుగా బంద్. కిడ్నీ పాడైందని మొదట్లో ఒక చార్ట్ ఇచ్చినారు, ప్రోటీన్ తక్కువ తినాలని, అది వంటింట్లో గోడకు అతికించి ఉంది.


కర్నూలు_ఫిజియో:

ఆ చార్ట్ డయాలసిస్ మొదలు కాకముందుది! నేను చూసే ఇండ్లల్లో సగం ఇండ్లల్లో ఇదే కథ. డయాలసిస్‌కు ముందు ప్రోటీన్ తగ్గించమంటారు, మొదలైనాక లెక్క తిరగబడుతుంది, ప్రతిసారీ కొంత ప్రోటీన్ సరుకు కూడా నీళ్లతో పాటు బయటికి పోతాది కాబట్టి కేజీ బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు తినమని కిడ్నీ గైడ్‌లైన్స్. 61 కేజీలకు 61 నుంచి 73 గ్రాములు. మామూలు మనిషికి మన హైదరాబాద్ ఎన్ఐఎన్, జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో చెప్పిందే కేజీకి 0.83 గ్రాములు. ఆయన తినేది చూస్తే 30 దాటేటట్టు లేదు. గుడ్డు తెల్లసొన మంచిది, ఫాస్ఫరస్ తక్కువ. కానీ పొటాషియం, ఫాస్ఫరస్ రిపోర్ట్ చూసి యూనిట్ డైటీషియన్ కొత్త చార్ట్ రాయాల, జిమ్ అన్న కాదు. పౌడర్ డబ్బా కొనద్దు, అందులో ఏమేం కలిపినారో డాక్టర్‌కు చూపించకుండా నోట్లో పెట్టద్దు.


హాకీ_అక్క:

తమ్ముడూ, నీ కోసం ఒక మాట. నీకు 12.8 వచ్చినప్పుడు భలే సంతోషమైందన్నావు గదా, ఆ సంతోషం జాగ్రత్త.

నేను హాకీ ఆడేదాన్ని. అప్పట్లో మా కోచ్ ఒకాయన ప్రతి శనివారం కొవ్వు శాతం బోర్డు మీద రాసేవాడు, తగ్గినోళ్లకు చప్పట్లు. నేను చప్పట్ల కోసం ఉగ్గాని కూడా మానేసి రెండు పూటల తిండితో రెండు పూటలా ప్రాక్టీస్ చేసినా. అంకె దిగింది, నేనే ఫస్ట్. ఏడు నెలలు నెలసరి రాలేదు, మంచిదే, ఆటకు అడ్డం లేదనుకున్నా, ఎంత తిక్కదాన్నో చూడు. ఎనిమిదో నెలలో మోకాలి కింద ఎముకలో సన్న పగులు. ఒళ్లు చేసే పనికి సరిపడా తిండి పడకపోతే హార్మోన్లు, ఎముకలు, చివరికి కండ కూడా దెబ్బతింటాయని, మగోళ్లకు కూడా వస్తాదని, ఒలింపిక్ కమిటీ వాళ్లు 2014లోనే రాసి పెట్టినారంట, నాకు ఆర్థో డాక్టర్ చెప్పేదాకా తెలీదు. ఆ బోర్డు మీద అంకెలన్నీ కరెక్టే రాసుండచ్చు, దాని పక్కన ఎవరైనా నీకు నెలసరి వస్తాందా, రాత్రి నిద్ర పడతాందా, లాస్ట్ క్వార్టర్‌లో పరుగెత్తగలుగుతాన్నావా అని ఒక్క ప్రశ్న రాసుంటే బాగుండేది. నీ 400 టైము ఎంతొస్తాంది? అది చెప్పలేదే నువ్వు?


అనంత_400మీటర్లు:

అక్కా, అడిగినావు కాబట్టి చెప్తాన్నా, ఆ సోమవారానికి ముందు శనివారం టైమ్ ట్రయల్‌లో నా బెస్ట్ కొట్టినా, 49.8. కండ తగ్గిందన్న దిగులులో అది మర్చేపోయినా.

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తా అని అనుకుంటూనే ఉన్నా, పరీక్షల్లో పడి కుదర్లా. డాక్టర్ గారు నాయన కాలు నొక్కి చూసి, ఛాతీ ఎక్స్‌రే తీయించి, డ్రై వెయిట్ ఒకేసారి కాకుండా వారానికి కొంచెం కొంచెం దించుతాన్నారు, ఇప్పుడు 60కి వచ్చినాది. మొదటి రెండుసార్లు పిక్కలు పట్టేసి అల్లాడినాడు, తర్వాత సర్దుకుంది. రాత్రి ఒక దిండుతోనే పడుకుంటాన్నాడు, ఇంతకుముందు మూడు. మిషన్ ఎక్కిస్తే ఇప్పుడు కండ తగ్గింది అని వస్తాదని నాకు తెలుసు, అందుకే ఎక్కించలా. డైటీషియన్ మేడం కొత్త చార్ట్ రాసిచ్చింది, రోజుకు మూడు గుడ్ల తెల్లసొన, వారానికి రెండుసార్లు కోడికూర, పప్పు కొలతతో. పాత చార్ట్ మా అమ్మ గోడ మీంచి పీకి పొయ్యిలో పెట్టింది. మొక్కు గురించి మాత్రం నేను ఏమీ అనలా, మా అమ్మ కూడా అనలా.

నేను పీఈటీ సారు చెప్పినట్టు తెల్లార్తో ఏమీ తాగకుండా పోయి ఎక్కినా. 68.1, కొవ్వు 12.9, కండ 33.3. జిమ్ అన్న చూసి, చూసినావా కష్టపడితే కండ మళ్లా వచ్చేసింది అన్నాడు, నేను అవునన్నా అని వచ్చేసినా.

ఫిజియో గారూ, మీరు ఫోన్‌లో చెప్పినట్టే డయాలసిస్ లేని రోజుల్లో పొద్దునా సాయంత్రం కుర్చీలో లేసి కూచునేది ఐదైదు మూడుసార్లు చేయిస్తాన్నా. నిన్న టైము పెడితే 15.2 వచ్చినాది. మా అమ్మే ఫోన్ పట్టుకొని నొక్కింది, నాయనేమో నేను ఇంకా లేయకముందే నొక్కేసినావు, అది లెక్కలోకి రాదు, మళ్లా పెట్టు అని ఆమెతో గొడవ పెట్టుకున్నాడు.